చేతికి తగిన బాడిస

పనివానికి పనిముట్టు ఎట్టిదైనను ఒకటేయని కొందరందురు. పనియంతయు పనిముట్టులోనే యున్నదని మరికొందరందురు. ఈ రెండు మాటలకు నడుమ సత్యమెక్కడ నున్నదో విచారించుట, కాయకమును ధర్మముగా చేపట్టిన మనవంటివారికి మిక్కిలి అవసరము. గొప్ప గొప్ప ఉదాహరణములతో ప్రారంభించినచో విచారము గాలిలో తేలిపోవును. కావున చిన్న వస్తువు నొకదానిని తీసికొందము. కొయ్యమరిగెను తొలుచుటకు ఒక చిన్న చేతిబాడిసను ఎట్లు ఎన్నుకొనవలెను? ఆ ఎన్నికలో ధర్మాధర్మ విచారమునకు చోటు కలదా? ఇదియే ఈ వ్యాసమున ప్రశ్న.

బాడిస మన సంప్రదాయమునకు క్రొత్తది కాదు. 12వ శతాబ్దమున కల్యాణ పట్టణమందు బసవేశ్వరుని చుట్టును చేరిన శరణులు పలువురు తమ తమ కాయకములతోనే పేరొందిరి. మడివాళ మాచయ్య బట్టలుదికెను. అంబిగర చౌడయ్య పడవ నడిపెను. నులియ చందయ్య త్రాళ్లు పేనెను. మేదర కేతయ్య వెదురు బుట్టలల్లెను. హరళయ్య చెప్పులు కుట్టెను. వీరి నడుమ బాచికాయకద బసవణ్ణ యను వడ్రంగి శరణుడొకడు కలడు. కన్నడమున 'బాచి' యనగా మన బాడిసయే. చేతిలోని పనిముట్టే ఆయన పేరునకు ముందు నిలిచినది. ఆయన ధర్మపత్ని కాళవ్వయు వచనములు చెప్పినది. కాయకమునకు గాని వ్రతమునకు గాని లోపము రానీయరాదనుట ఆమె పట్టుదల. వారు నివసించిన ఆ కల్యాణమే 1956 వరకు హైదరాబాదు రాష్ట్రమున నుండి, నేడు కర్ణాటకమున నున్న బీదరు జిల్లాలోని బసవకల్యాణము. తెలుగువారికి అది పొరుగిల్లు వంటిది.

ఇక పనిముట్టును ఎన్నుకొనుటకు ముందు పని యేదియో తెలిసికొనవలెను. కాలు చూడక చెప్పు కుట్టరాదు గదా. మరిగె యనగా ఒకే కొయ్యతుండును తొలిచి చేసిన గుంటపాత్ర. పిండి కలుపుటకును, వండిన పదార్థమును వడ్డనకై ఉంచుటకును అది పనికివచ్చును. పచ్చి దుంగను నడిమికి చీల్చి, నడిమి బెండును తొలగించి, చదునైన ముఖముపై గీత గీసి, ఆ గీత లోపలి కొయ్యను తొలుతురు. వెలుపలి ఆకారమునకు గొడ్డలి చాలును. లోపలి గుంటకు బాడిస కావలెను. తుది నునుపునకు వంపుకత్తియు ఉలియు కావలెను.

కొయ్యలో పోగు పొడవుగా నడచును. అందుచేత గుంటను ఒక కొననుండి నడుమకును, మరల రెండవ కొననుండి నడుమకును దిగుచు తొలువవలెను. ఒకే దిక్కున సాగించినచో నడుమ దాటిన పిమ్మట అంచు పోగునకు ఎదురై కొయ్యను కోయుటకు మారుగా చించును. పచ్చికొయ్య మెత్తగా తెగును; ఎండిన కొయ్య మొండికెత్తును. కావున పచ్చిగా నున్నప్పుడే గోడకు సుమారు 2 సెంటీమీటర్ల మందముంచి తొలిచి, ఆ చెక్కపేళ్లలోనే పూడ్చి గాని గోనెపట్టాలో చుట్టి గాని నీడన మెల్లగా ఆరనిత్తురు. త్వరపడి ఎండలో పెట్టినచో కొనలు పగులును. వారముల తరబడి ఆరిన పిమ్మట గోడను పలుచన చేసి నునుపు తీర్చుదురు. ఓర్పు లేనివానికి ఈ పని దక్కదు.

ఇప్పుడు సంతలో మూడు బాడిసలు మన ముందున్నవనుకొందము. మొదటిది దూలములను, ద్వారబంధములను చదును చేయు పెద్ద బాడిస. దాని తల కిలోకు మించిన బరువు. అంచు వెడల్పుగా, తిన్నగా నుండును. రెండవది తళతళలాడు రంగు పూసినది, తేలిక, వెల తక్కువ. మూడవది కమ్మరి కొలిమిలో సాగగొట్టినది. సమ్మెట గుర్తులు పైన కనబడుచునే యున్నవి. తల సుమారు అర కిలో. అంచు దోసిలివలె కొంచెము వంగియున్నది. చూపునకు మొదటిది గంభీరము, రెండవది సుందరము, మూడవది సామాన్యము. మరిగె చేయబోవువాడు దేనిని తీసికొనవలెను?

అంచు సంగతి మొదట చూతము. తిన్నని అంచు చదునైన ముఖముపై చక్కగా నడచును. దానినే గుంటలోనికి దించినచో నడిమిభాగము కొయ్యను తాకకముందే రెండు మూలలును గోడలలో నాటుకొనును. దెబ్బ దెబ్బకును రెండు గాట్లు మిగులును. ఆ గాట్లను పోగొట్టుటకు మరల తొలువవలెను. గోడ అనుకొన్నదానికంటె పలుచనగును. వంగిన అంచునకు ఈ బాధ లేదు. ఐతే ఆ వంపు మరిగె గుంట వంపుకంటె కొంత బిగువుగా నుండవలెను. అప్పుడే మూలలు కొయ్యనంటక పైన నిలిచి నడుమ మాత్రము తెగును. మరీ బిగువైనచో దెబ్బ దెబ్బకు సన్నని కాలువ పడి అడుగంతయు గతుకులగును.

బరువు రెండవ సంగతి. తల మరీ తేలికయైనచో భుజబలముతో కొట్టవలసివచ్చును. గడియ గడచునప్పటికి మణికట్టు సలుపును. మరీ బరువైనచో ఎత్తుట సాధ్యమైనను ఆపుట సాధ్యము కాదు. గుంటలో పనిచేయువానికి కొట్టుటకంటె ఆపుటయే కష్టము. తగిన బాడిస తన బరువుతో తాను దిగును. చేయి దానికి దారి చూపును. ఇంకొక సంగతి కలదు. మన వడ్రంగులు నేలపై కూర్చుండి కాలివ్రేళ్లతో కొయ్యను అదిమిపట్టి పనిచేయుట చిరకాలపు అలవాటు. అట్టివానికి పెద్ద బాడిస గురి తప్పెనా, కొయ్యతో పోదు, కాలు తెగును. మరిగెను గుంట తీసిన మొద్దులో ఇమిడించి పనిచేయుట క్షేమకరము. ఎట్లు చేసినను బాడిస దిగు దారిలో కాలు గాని రెండవ చేయి గాని ఉండరాదనుట మొదటి నియమము.

పిడి మూడవది. ఒంటిచేతి బాడిసకు జానెడు మొదలు జానెడున్నర వరకు పిడి చాలును. పొడవైన పిడి ఊపు పెంచును గాని గురి తగ్గించును. నల్లతుమ్మ వంటి గట్టి కొయ్యలో, పోగు పొడవునా సాగి, ముడి లేని తుండుతో చేసిన పిడి దెబ్బకు తాళును. దట్టముగా రంగు పూసిన పిడిలో ముడి యున్నదో లేదో తెలియదు. రంగు పూసినవానికి అది తెలియును.

పిడికిని తలకును నడుమనున్న కోణమును కంటితో చూచి నిర్ణయింపలేము. దానికొక సులభ పరీక్ష కలదు. తొలిచియున్న మరిగె నొకదానిని ఎదుట పెట్టుకొని, బాడిస అంచును దాని అడుగున ఆనించి చూడవలెను. పిడి మరిగె ఒడ్డును తాకరాదు. వ్రేళ్ల కణుపులు ఒడ్డునకు పైన నుండవలెను. పిమ్మట కొట్టక, మోచేతినుండి మెల్లగా ఊపి చూడవలెను. ఇనుములో మరే భాగమును తాకకముందు అంచే కొయ్యను చేరవలెను. ఈ పరీక్ష ఎవరి చేతికి వారు చేసికొనవలసినదే. ఒకని మోచేతి కొలత ఇంకొకనిది కాదు. అన్నకు కుదిరిన బాడిస తమ్మునికి కుదురుననుకొనరాదు.

తుదకు ఇనుము. మెత్తని ఇనుము అంచు మడతపడును. మితిమీరి గట్టిపడినది ముక్కలై రాలును. అంచుపై ఆకురాయి పట్టి చూచినచో కొంత తెలియును. రాయి సులభముగా కొరికినచో ఇనుము మెత్తన. గాజుపై వలె జారిపోయినచో మిక్కిలి గట్టి. రెండింటికిని నడుమనున్నది మేలు. లారీల పాత కమాను పట్టీలను సాగగొట్టి మన కమ్మరులు మంచి అంచులు తీర్చుచుండుట పలువురెరిగినదే. ఈ విచారములన్నిటి చేతను మూడవ బాడిసయే మరిగెపనికి తగినదని తేలుచున్నది.

ఇంతవరకు చెప్పినది వడ్రంగి విద్యయే గదా, ధర్మవిచారమెక్కడనని పాఠకులడుగవచ్చును. ఆ ప్రశ్నకు ముందు మరియొక ఆక్షేపమును వినవలసియున్నది. 'భక్తునికి మనశ్శుద్ధియే ముఖ్యము. ఇనుపతుండుకై ఇంత వెదకులాట ఏల? దొరికినదానితో చేసి శివార్పణమనుటయే వైరాగ్యము' అని పెద్దలు కొందరు చెప్పుచుందురు. ఈ మాట వినుటకు ఇంపుగా నున్నది. ఐనను దీనిని పనివాని ప్రక్కన కూర్చుండి పరిశీలింపవలెను.

తగని బాడిసతో పనిచేయునప్పుడు మూడు హానులు కలుగును. మొదటిది దేహమునకు. కాయకమను మాట కాయమునుండియే పుట్టినది. దేహమునే దేవాలయముగా భావించిన మతమున నుండి, ఆ దేహమును అజాగ్రత్తచే గాయపరచుకొనుట భక్తి యెట్లగును? రెండవది చెట్టునకు. ఎన్నియో యేండ్లు పెరిగిన మ్రానును మనము ఒక్కసారియే నరకగలము. గోడ చిల్లిపడిన మరిగె మరల దుంగ కాదు. మూడవది ఆ మరిగెను పుచ్చుకొనువానికి. కాయకఫలము దాసోహమునకు చేరవలసినది. పగిలిన పాత్రను జంగమునకు సమర్పించి నా మనస్సు శుద్ధమైనదనుట తగునా? వైరాగ్యమనగా తన సుఖమును తాను విడుచుట. ఇతరులకు చేరవలసినదానిని చెడగొట్టుటకు ఆ పేరు పెట్టరాదు. సత్యశుద్ధ కాయకమని శరణులు చెప్పినదానిలో పని మొదలుపెట్టుటకు ముందు చూపవలసిన శ్రద్ధయు చేరియున్నది.

ఐనచో శ్రద్ధ పేరిట కోరికను పెంచుకొనవచ్చునా? ఇది రెండవ ప్రశ్న, మొదటిదానికంటె సూక్ష్మమైనది. మంచి పనిముట్టు కావలెననుటతో మొదలై, ఇంకను మంచిది, ఇంకను క్రొత్తది, ప్రతి వంపునకు ఒకటి యని మనస్సు ప్రాకుచుండును. గోడకు పది బాడిసలు వ్రేలాడుచుండును. ఇంట ఒక్క మరిగెయు ఉండదు. అట్టివాడు పనిముట్టును ప్రేమించుచున్నాడు గాని పనిని కాదు. ఇచట ఆయ్దక్కి లక్కమ్మ కథ మనకు దారి చూపును.

ఆయ్దక్కి మారయ్య వీధులలో రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చువాడు. ఆ గింజలతోనే ఆయన భార్య లక్కమ్మ వండి జంగమ దాసోహము జరిపెడిది. ఒకనాడు మారయ్య నిత్యము తెచ్చుదానికంటె హెచ్చుగా తెచ్చెను. లక్కమ్మ సంతసింపలేదు. ఇది మనకేల, ఈ ఆశ భక్తులకు తగునాయని మందలించి, మిగిలినదానిని ఎచటనుండి తెచ్చెనో అచటనే వదలి రమ్మని పంపెను. ఈ కథను మనము పలుమారులు చెప్పుకొనుచుందుము. దురాశ కూడదని ముగించుచుందుము. ఐతే కథలో ఇంకొక అంచు కూడ కలదు. లక్కమ్మ ఏరుట మానుమనలేదు. రేపటినుండి తక్కువ తెమ్మనలేదు. ఆ దినపు దాసోహమునకు ఎంత కావలెనో ఆమెకు తెలియును. కొలత అచటనుండి వచ్చినది. కొలతకు మించినది ఆశ. కొలతకు తగ్గినచో పంక్తిలో ఒకరి ఆకు వెలితి. రెండును ఆమెకు సమ్మతములు కావు.

బాడిసకును ఇదే న్యాయము. దాని కొలత కొనువాని గొప్పతనమునుండి గాని పేదరికమునుండి గాని రాదు. చేయబోవు మరిగెనుండియు, పట్టబోవు చేతినుండియు వచ్చును. పెద్ద బాడిసను గొప్పకై కొనినవాడు హెచ్చు బియ్యము తెచ్చినవాడు. వెలకు లొంగి రంగుబాడిసను కొనినవాడు పంక్తికి తక్కువ తెచ్చినవాడు. అరచేతిలో ఇమిడిన ఇష్టలింగమును పూజించు మనకు, చిన్నదనుట తక్కువదనుట కాదని వేరుగా చెప్పనక్కరలేదు.

మన సాహిత్యమునను ఇట్టి ఎన్నిక యొకటి జరిగినది. పాల్కురికి సోమనాథుడు సంస్కృతాంధ్రములందు నిష్ణాతుడు. పెద్ద వృత్తములను నడుపలేని కవి కాడు. ఐనను బసవపురాణమును రచింపబూనినప్పుడు రెండు పాదముల ద్విపదను చేపట్టెను. జాను తెనుగును కోరెను. శరణుల కథలు పండితసభలతో ఆగక పామరుల నోళ్లకు చేరవలెననుట ఆయన పని. ఆ పనికి పాడుకొనదగిన చిన్న ఛందస్సే తగిన పనిముట్టు. ఆ ఎన్నిక ఎంత సరియైనదో పిమ్మటి కాలము చెప్పినది. 1369లో భీమకవి ఆ గ్రంథమును కన్నడములోనికి తెచ్చెను. తెలుగున పుట్టిన బసవకథ బసవని భాషకు తిరిగి చేరినది. పెద్ద బాడిస పట్టగలవాడు పనిని చూచి చిన్న బాడిసను పట్టుటలో నున్న వినయమునకు ఇంతకంటె సాక్ష్యమేల?

ఇక మిక్కిలి కష్టమైన ప్రశ్న మిగిలియున్నది. ఎన్నుకొనుటకు చేత డబ్బు లేనివాడేమి చేయవలెను? ఒక వడ్రంగికి ఒక్క బాడిసకే సొమ్మున్నదనుకొందము. ఇండ్లపనికి పోయినచో పెద్ద బాడిస కూలి తెచ్చును. చిన్నది మరిగెలకే పనికివచ్చును. బిడ్డలకు అన్నము పెట్టు బాడిసనే అతడు కొనవలెననుటలో సందేహము లేదు. మరిగె చేయవలసివచ్చినప్పుడు ఉలిని కొయ్యసుత్తితో కొట్టుచు ఆలస్యముగానైనను తొలువవచ్చును; అరిగిన పాత అలుగును కమ్మరిచే వంపు తీర్పించుకొనవచ్చును; ఇరుగుపొరుగు పనివారు నలుగురు కూడి ఒకదానిని పెట్టుకొనవచ్చును. లేమి దోషము కాదు. ఇచట ధర్మవిచారము అతనినుండి తొలగి, ఇతరులకై పనిముట్టు కొనువారి మీదికి మరలవలెను.

మనలో పలువురము స్వహస్తముతో పట్టని పనిముట్లను ఇతరుల చేతికిచ్చుచుందుము. యజమాని పనివానికి, గురువు శిష్యునికి, తండ్రి కొడుకునకు ఇచ్చును. అప్పుడు ఎన్నుకొనువాడొకడు, నొప్పి పడువాడొకడు. అరిగినదానిని, పిడి సడలినదానిని క్రొత్తగా చేరినవానికిచ్చి, నేర్చుకొన్న పిమ్మట మంచిది ఇత్తుమనుట ఎన్నో చోట్ల వాడుక. నేర్చినవాడు చెడ్డ పనిముట్టును కూడ కొంత లొంగదీసికొనును. నేర్వనివాడు అట్లు చేయలేడు. అనగా మంచి బాడిస ఎవనికి ఎక్కువ అవసరమో వానికే చెడ్డది చేరుచున్నది. తన చేతకానితనముననే కొయ్య చినుగుచున్నదని ఆ పిల్లవాడు నమ్మును. పనిపై అతనికి విరక్తి పుట్టును. ఆ విరక్తికి కారణమెవరు?

1937లో వార్ధాలో జరిగిన విద్యాసభ పిమ్మట, చేతివృత్తి ద్వారా చదువు చెప్పవలెనను గాంధీజీ ఆలోచన దేశమున వ్యాపించినది. పాఠశాలలలో చేతిపనుల తరగతులు వెలసినవి. ఉపాధ్యాయులమైన మాకు ఆ తరగతి ఒక సత్యమును నేర్పును. పిల్లవానికి దెబ్బ తగులునని జంకి మొద్దుబారిన పనిముట్టునిచ్చుట మేలనుకొందురు. కాని పదునైన అంచు కొయ్యను పట్టుకొని నిలుచును; మొద్దు అంచు కొయ్యపై జారి ఎటు పోవునో తెలియదు. పిల్లవాని చేతికి తగిన చిన్న పదునైన బాడిసనిచ్చి ప్రక్కన నిలుచుటయే నిజమైన దయ. దూరముననుండి మొద్దు బాడిసనిచ్చుట మన శ్రమను తప్పించుకొనుట మాత్రమే. స్త్రీలకును, ఎడమచేతివాటము గలవారికిని ఇదే వర్తించును. కాయకమున ఆడ మగ భేదము పాటింపని శరణుల పరంపరలో నుండి, పనిముట్లన్నిటిని పురుషుని కుడిచేతి కొలతకే చేయించుట న్యాయము కాదు.

కమ్మరి సంగతియు మరువరాదు. బాడిసను ఎన్నుకొనుటలో రెండు కాయకములు కలిసికొనుచున్నవి. ఒకటి కొలిమిది, రెండవది మొద్దుది. వెల తగ్గింపుమని కమ్మరిని మితిమీరి పీడించినచో అతడు ఇనుములో గాని, కాల్చి నీట ముంచి గట్టిపరచు పనిలో గాని తగ్గింపక తప్పదు. ఆ తగ్గింపు తుదకు మరిగె గోడలో తేలును. నీ కాయకము శుద్ధమై యుండవలెనన్నచో ఎదుటివాని కాయకము నిలుచు వెల ఇయ్యవలెను. అట్లు వెల ఇచ్చినవానికే వంపు ఇట్లుండవలెను, పిడిరంధ్రము ఇట్లుండవలెనని అడుగు అధికారము కలుగును.

నేడు విద్యుత్తుతో తిరుగు పండ్ల చక్రముతో మరిగె గుంటను నిమిషములలో తొలుచువారున్నారు. ఏటికొప్పాకలో అంకుడుకొయ్యను తరిణపట్టి గుండ్రని పాత్రలను తీర్చుదురు. యంత్రము పాపము, బాడిస పుణ్యము అని ఈ వ్యాసము చెప్పదు. బ్రతుకుతెరువునకై దినమునకు పలు పాత్రలు చేయవలసినవానికి యంత్రమే తగిన కొలత కావచ్చును. ఐనను మనము బాడిసను అడిగిన ప్రశ్నలనే దానినిని అడుగవలెను. అది చేతికి లొంగునా? దాని దుమ్ము ఎవని రొమ్ములో చేరును? దాని వేగము ఆగవలసినచోట ఆగునా? మరిగె విలువ తీసివేసిన కొయ్యలోను, మిగిల్చిన కొయ్యలోను సమానముగా నున్నది. ఒక్క దెబ్బ హెచ్చైనచో అడుగు చిల్లిపడును. ఎచట ఆగవలెనో తెలిపెడి పనిముట్టే మంచి పనిముట్టు.

కొనుటతో ఎన్నిక ముగియదు. క్రొత్త బాడిస ఎంత మంచిదైనను అంచును రాతిపై నూరి, పిడిని అరచేతికి అమరునట్లు గీసికొని, కొయ్యచీలను బిగించి, కొన్ని దినములు వాడినగాని మనది కాదు. పని ముగిసిన పిమ్మట తుడిచి నూనె రాయుట, సాయంకాలము పదును చూచికొనుట, సడలిన తలను మరునాటికి వాయిదా వేయకుండుట, ఇవి నిత్యవ్రతములు. కాళవ్వ కాయకమును వ్రతమును వేరుచేయక పట్టుకొనినది ఇందుకే కాబోలు. తగినది దొరికిన పిమ్మటను ఇంకొకదానికై చూచుచుండువాడు ఏ బాడిసకును చేతిని అలవాటు చేయడు; ఏ చేతికిని బాడిస అలవాటు కాదు. ఎన్నుకొనునప్పుడు నిదానము, ఎన్నుకొన్న పిమ్మట నిలుకడ, రెండును కావలెను.

కావున బాడిస కొనబోవువాడు ముందు తాను చేయబోవు మరిగెను, అది ఎవరి పంక్తికి పోవునో ఆ పంక్తిని తలచుకొనవలెను. పిమ్మట తన చేతిని చూచికొనవలెను. అంచు వంపు, తల బరువు, పిడి పొడవు, కోణము, ఇనుము వరుసగా పరీక్షింపవలెను. చాలునన్నచోట ఆగవలెను, చాలదన్నచోట సిగ్గుపడక ఇంకొకటి అడుగవలెను. ఇతరులకై కొనునప్పుడు ఈ పరీక్షలన్నియు వారి చేతనే చేయింపవలెను. ఇంత శ్రద్ధతో తెచ్చిన అర కిలో ఇనుము ఇంట నున్నచో, దానితో తొలిచిన మొదటి మరిగె మన ఇంట నిలువక దాసోహమునకు పోవుగాక.